యజమాని కాగితము, బానిస వాక్కు

1796వ సంవత్సరము మే నెలలో, అప్పటికి అమెరికా సంయుక్త రాష్ట్రములకు రాజధానిగానున్న ఫిలడెల్ఫియా నగరమున, ఒక వార్తాపత్రిక యందు చిన్న ప్రకటన యొకటి వెలువడెను. దేశాధ్యక్షుని గృహమునుండి ఓనీ జడ్జ్ అను ఇరువదేండ్ల పడుచు పారిపోయినదనియు, ఆమె మిశ్రవర్ణ యనియు, ముఖమున సన్నని మచ్చలు మెండనియు, కన్నులు కడు నల్లనివనియు, జుట్టు గుబురైనదనియు, సన్నని యొడలనియు, ఆమెకు మంచి దుస్తులు పెక్కు గలవనియు అందు వ్రాయబడియుండెను. ఆమె పోవునన్న అనుమానము ఎవరికిని లేకుండెననియు, పోవుటకు తగిన కారణమును లేదనియు, ఎచటికి పోయినదో ఊహించుట సులభము కాదనియు, ఓడ యెక్కి తప్పించుకొన యత్నింపవచ్చును గావున నౌకాధిపతులు జాగరూకులై యుండవలెననియు, పట్టి తెచ్చినవారికి పది డాలర్లు బహుమాన మీయబడుననియు తెలిపి, గృహనిర్వాహకుడు క్రింద సంతకము చేసెను. ఆ గృహమునకు యజమాని జార్జి వాషింగ్టన్.

ఈ ప్రకటనను పదునాలుగేండ్ల విద్యార్థి చేతికిచ్చి, పాఠ్యపుస్తకమును మూసియుంచుమని చెప్పి, ఇది ఎవరు వ్రాసిరి, ఎవరు చదువుటకు వ్రాసిరి, ఇందు చెప్పక విడిచినదేమి అని మెల్లగా ప్రశ్నించుట నేడు అమెరికాలో బానిసత్వ చరిత్రను శ్రద్ధగా బోధించు ఉపాధ్యాయులు అవలంబించుచున్న మార్గము. ఆ కాలమున పుట్టి, ఆ కాలపు మనుష్యుల చేతులలో నలిగిన ప్రకటనలు, ఉత్తరములు, క్రయపత్రములు, ఓడల జాబితాలు, జనాభా లెక్కలు, తప్పించుకొని వచ్చినవారు చెప్పుకొనిన ఆత్మకథలు వారికి మూలాధారములు. బానిసత్వము క్రూరమైన దురాచారమని పుస్తకములో చదివిన బాలుడు తల యూపి, పరీక్షలో వ్రాసి, మరునాటికి మరచును. ఒక దేశపిత ఇంటినుండి వెలువడిన ఈ పది పదునైదు పంక్తులను తానుగా చదివి, అందులోని ఒక్కొక్క మాటను తానుగా పట్టి నిలదీసిన బాలుడు మాత్రము, ఆ దినమున తాను కనుగొనినదానిని ఎవరో చెప్పగా విన్న సంగతివలె విడువజాలడు.

మొదట అతని దృష్టి ఆ వర్ణనపై నిలుచును. ఒక పరిచారిక కన్నులును, మచ్చలును, వస్త్రములును ఇంత శ్రద్ధతో గమనించిన గృహము ఆమె మనస్సును మాత్రము ఎన్నడును గమనింపలేదని గ్రహించుటకు అతనికి ఎవరి వ్యాఖ్యానమును అక్కరలేదు. పోవుటకు కారణము లేదను మాట యొద్ద తరగతి యంతయు నిలిచిపోవలెను. ఆ మాట అసత్యమని వ్రాసినవానికి తెలియునా, లేక అతడు నిజముగనే అట్లు నమ్మెనా? ఇది సామాన్యమైన ప్రశ్న కాదు. మంచి బట్టయు, కడుపునిండ తిండియు, గొప్పయింటి కొలువును ఉండగా ఇక స్వేచ్ఛ యేల అని మనసార నమ్మగలిగిన మర్యాదస్థుల మీదనే ఆ వ్యవస్థ నిలిచియుండెను. కొరడా పట్టిన క్రూరులు మాత్రమే దానిని మోసియుండినచో అది రెండున్నర శతాబ్దములు నిలువగలిగెడిది కాదు. ఈ సత్యమును పాఠ్యపుస్తకము ఒక వాక్యమున చెప్పవచ్చును. కాని ఆ మర్యాదస్థుని యింటినుండి వెలువడిన మాటలలోనే చూచినప్పుడు గాని అది హృదయమున నాటుకొనదు.

ఇక రెండవ కాగితము. 1780లో పెన్సిల్వేనియా రాష్ట్రము బానిసత్వమును క్రమక్రమముగా తొలగించు శాసన మొకటి చేసియుండెను. పరరాష్ట్రమునుండి వచ్చి కాపురముండు యజమాని తన బానిసలను ఆరు మాసములకు మించి అచట నుంచినచో, వారు స్వేచ్ఛను కోరుటకు హక్కుదారు లగుదురు. 1791 ఏప్రిలులో వాషింగ్టన్ తన కార్యదర్శియైన టోబియస్ లియర్‌కు వ్రాసిన లేఖలో, గడువు తీరకముందే వారిని ఏదో నెపముమీద వర్జీనియాకు మరలించుట మేలనియు, ఆ నెపము బానిసలను మాత్రమే గాక లోకమునుగూడ ఏమార్చునదిగా నుండవలెననియు సూచించెను. ప్రకటనలో కారణము కానరాదని చెప్పించిన గృహస్థు, అయిదేండ్లకు పూర్వమే, ఆ కారణమును ఎంత బాగుగ నెరిగియుండెనో ఈ లేఖ వెల్లడించును. ఒక కాగితమును మరియొక కాగితము పక్కన నుంచి చదువుట యనగా నిదియే. మొదటిదాని మౌనమునకు రెండవది సమాధానము చెప్పును.

మూడవది ఒక లేఖ కాదు, లేఖల వరుస. ఓనీ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని పోర్ట్స్‌మత్ రేవునకు చేరెనని కొన్ని నెలలకు తెలియవచ్చెను. అధ్యక్షుడు కోశాగార మంత్రి ఆలివర్ వోల్కాట్‌కు వ్రాయుచు, ఆమెను ఎవరో ఫ్రెంచివాడు మాయమాటలు చెప్పి లేవదీసికొని పోయియుండునని తలచెను. మంత్రి ఆ పనిని పోర్ట్స్‌మత్‌లోని సుంకాధికారి జోసెఫ్ విపుల్‌కు అప్పగించెను. విపుల్ ఆమెతో మాటాడి, ఫ్రెంచివాడెవడును లేడనియు, సంపూర్ణ స్వాతంత్ర్యమును గోరి తానై వచ్చినదనియు, యజమానుల యనంతరము తన్ను విడుదల చేయుదురని మాట యిచ్చినచో తిరిగిపోవుటకు ఒప్పుకొనుచున్నదనియు బదులు వ్రాసెను. దానికి వాషింగ్టన్ నవంబరులో పంపిన ప్రత్యుత్తరము తరగతి గదిలో పలుమారులు చదువదగినది. బానిసత్వము మెల్లమెల్లగా తొలగిపోవుటకు తాను విముఖుడు కాననుచునే, పారిపోయినదానికి ముందుగా ఇట్టి వాగ్దానము చేయుట విశ్వాసఘాతమునకు బహుమాన మిచ్చుట యగుననియు, నమ్మకముతో పనిచేయుచున్న తక్కినవారి మనస్సులు దానివలన చెడుననియు ఆయన వ్రాసెను. సిద్ధాంతమును అంగీకరించి దాని యాచరణమును తిరస్కరించు మానవస్వభావమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము నాకు తెలిసినంతలో అరుదు. ప్రకటనయందు ఊహకందనిదిగా నున్న కారణము, ఒక సుంకాధికారి నాలుగు మాటలడుగగనే తెలిసిపోయినదని గుర్తించిన విద్యార్థి, అంతకుముందు ఆమెను ఎవరును అడుగలేదని తానే చెప్పును.

నాలుగవ కాగితము ఓనీ వాక్కు. పారిపోయిన దాదాపు అర్ధశతాబ్దమునకు, 1845లో, 'గ్రానైట్ ఫ్రీమన్' అను పత్రికలో ఒక మతబోధకుడు ఆమెతో జరిపిన సంభాషణను ప్రకటించెను. వాషింగ్టన్ దంపతులు వర్జీనియా ప్రయాణమునకు మూటలు సర్దుచుండగా తానును సర్దుకొంటిననియు, అయితే ఎచటికి పోవుటకో తనకు తెలియకుండెననియు, వర్జీనియాకు మరలినచో తనకిక స్వేచ్ఛ లేదని మాత్రము తెలియుననియు, నగరములోని నల్లజాతి మిత్రులు తన సామానులను ముందుగనే దాటించిరనియు, యజమానులు భోజనము చేయుచుండగా తాను వెడలిపోతిననియు ఆమె చెప్పెను. ప్రకటనలోని ఆ 'మంచి దుస్తులు' ఎట్లు గడప దాటినవో ఇచట తెలియును. తన్ను ఎక్కించుకొని పోయిన ఓడ నాయకుని పేరు, అతడు మరణించువరకు, అతనికి కీడు కలుగునను భయముతో ఆమె బయటపెట్టలేదు. వాషింగ్టన్ గృహమున తనకు అక్షరము గాని ధర్మబోధ గాని ఎవరును చెప్పలేదనియు, స్వేచ్ఛ లభించిన పిమ్మటనే చదువ నేర్చుకొంటిననియు చెప్పెను. న్యూ హాంప్‌షైర్‌లో ఆమె పొందినది కష్టజీవితము. పెనిమిటియు ముగ్గురు బిడ్డలును ఆమెకంటె ముందే గతించిరి. అధ్యక్షుని ఇంటిని వదలినందుకు విచారమున్నదా యని అడుగగా, లేదని ఆమె చెప్పిన సమాధానమును విద్యార్థులు ఈ కష్టములన్నియు ఎరిగిన తరువాతనే చదువవలెను; అప్పుడే దాని బరువు తెలియును.

న్యాయము తప్పకుండుటకు ఐదవ కాగితమునుగూడ తరగతిలో నుంచవలెను. 1799లో వాషింగ్టన్ వ్రాసిన వీలునామాలో, తన స్వంత సొత్తైన 123 మంది బానిసలు తన భార్య యనంతరము విముక్తులు కావలెనని నిర్దేశించెను. ఓనీ ఆ లెక్కలోనిది కాదు. ఆమె మార్తా వాషింగ్టన్ మొదటి భర్త ఆస్తిలోనిది. కావున 1848లో మరణించువరకు శాసనదృష్టిలో ఆమె పారిపోయిన సొత్తుగనే యుండెను. దేశపితను రాక్షసునిగా చిత్రించుట గాని, దేవతగా నిలుపుట గాని ఈ పాఠమునకు ఉద్దేశ్యము కాదు. ఒక మనిషి అయిదు కాగితములలో అయిదు విధములుగా కనబడుచుండగా, వానినన్నిటిని ఒక్కచోట పట్టి చూడగల ఓపికను పిల్లలకు అలవరచుటయే ఇందలి ప్రయోజనము.

ఈ కాగితములను ఏ వరుసలో నిచ్చుట యన్నది ఉపాధ్యాయుని కౌశలమంతయు. అన్నియు ఒక్కసారి పంచిపెట్టినచో తరగతి సమాధానమును వెదకుట మాని, చివరి కాగితమును మాత్రము చదువును. ప్రకటన ఒక దినము, లేఖలు మరియొక దినము, ఓనీ మాటలు చివరి దినము. ప్రతిదినము చివర విద్యార్థి తన యభిప్రాయమును వ్రాసియుంచి, మరునాడు దానిని తానే దిద్దుకొనవలెను. సామ్ వైన్‌బర్గ్ అను విద్యాశాస్త్రజ్ఞుడు 1991లో ప్రకటించిన పరిశోధనయందు చరిత్రకారులకును ఉన్నత పాఠశాల విద్యార్థులకును అవే పత్రములనిచ్చి చదివించెను. తెలివిగల విద్యార్థులు సైతము మొదటి పంక్తినుండి చివరి పంక్తివరకు పాఠ్యపుస్తకమును వలె చదువుకొనిపోయిరి. చరిత్రకారులు ముందుగా అడుగునకు పోయి ఎవరు వ్రాసిరో, ఎప్పుడు వ్రాసిరో చూచి, ఆ పిమ్మట మొదటికి వచ్చిరి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆయన ఆరంభించిన చరిత్రబోధనా కృషి నుండి ఇట్టి పాఠములు అనేకములు వెలువడి, ఉపాధ్యాయులకు ఉచితముగా లభించుచున్నవి.

బానిసల మాటలే సత్యము, యజమానుల కాగితములు అసత్యము అని అంతటితో ముగించుట సులభము. కాని ఆ సౌలభ్యము చరిత్ర కాదు. 1936 నుండి 1938 వరకు, ఆర్థికమాంద్య కాలమున, ఉద్యోగములు లేని రచయితలకు పని కల్పించుటకై అమెరికా ప్రభుత్వము నడపిన పథకము క్రింద, పదునేడు రాష్ట్రములలో, బాల్యమున బానిసలై యుండి ఇంకను జీవించియున్న వృద్ధులను కలిసి, 2,300కు పైగా జ్ఞాపకములను వ్రాసికొనిరి. అది అమూల్యమైన నిధి. అయినను అడిగినవారిలో అత్యధికులు శ్వేతజాతివారు. ఆ దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివాడు తెల్లవారియెదుట మనసు విప్పి మాటాడుట ప్రాణాపాయకరమైన కాలమది. దక్షిణ కెరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరమున సూజన్ హామ్లిన్ అను శతవృద్ధను ఇద్దరు వేర్వేరుగా కలిసికొనిరి. జెస్సీ బట్లర్ అను శ్వేతజాతి స్త్రీ యడుగగా, తన యజమాని మంచివాడని ఆమె చెప్పెను. ఆ వచ్చినామె సహాయధనమిచ్చు సంక్షేమ కార్యాలయమునుండి వచ్చినదని సూజన్ భ్రమపడినట్లు బట్లరే వ్రాసియున్నది. అగస్టస్ లాడ్సన్ అను నల్లజాతి పురుషుడు అడుగగా, కొరడా దెబ్బలును, అమ్ముడుపోయిన బిడ్డలకై తల్లులు పెట్టిన ఆక్రందనలును ఆమె నోట వెలువడెను. రెండు పత్రములకును సాక్షి ఒక్కతే. పేర్లు తీసివేసి ఆ రెంటిని పిల్లలకిచ్చి, తరువాత అడిగినవారెవరో తెలిపినప్పుడు, సాక్ష్యమనునది చెప్పువాని నోటినుండి మాత్రమే గాక వినువాని ముఖమునుండియు పుట్టునని వారు గ్రహింతురు. న్యాయవాదులకును, పత్రికారచయితలకును ఎన్నో యేండ్ల యనుభవముమీద గాని పట్టుబడని జ్ఞానము ఇది.

అక్షరములకంటె అంకెలు ఎక్కువ మాటాడు కాగితములును గలవు. 1850, 1860 సంవత్సరముల అమెరికా జనాభా లెక్కలలో బానిసలకు ప్రత్యేకపు పట్టికలుండెను. యజమాని పేరు మాత్రము పూర్తిగా వ్రాసి, దాని క్రింద బానిసల వయస్సు, స్త్రీపురుష భేదము, రంగు గుర్తించిరి. దాదాపు అన్నిచోట్లను పేరు మాత్రము వ్రాయలేదు. 1860లో అట్లు లెక్కకెక్కినవారు 39,53,760 మంది. 1870లో ఆ జనులందరి పేర్లును తొలిసారిగా జనాభా లెక్కలలో చేరెను. ఒకే జిల్లాకు సంబంధించిన 1860 పుటను, 1870 పుటను పక్కపక్కన నుంచి, అరువదేండ్ల స్త్రీ, ఏడు నెలల శిశువు అని మాత్రమే యున్నవారికి పదేండ్ల పిమ్మట పేరును ఇంటిపేరును వచ్చుట చూచిన పిల్లలు ఎన్నో ప్రశ్నలు వేయుదురు. ఆ పేర్లు ఎవరిచ్చిరి? యజమాని యింటిపేరునే ఏల పెట్టుకొనిరి? కొందరు ఏల మార్చుకొనిరి?

సాలమన్ నార్తప్ కథయందు పేరు కాగితములలో ఎట్లు పోయి ఎట్లు తిరిగివచ్చెనో చూడవచ్చును. న్యూయార్కు రాష్ట్రమున స్వతంత్రుడుగా జన్మించిన ఆయనను 1841లో వాషింగ్టన్ నగరమునకు రప్పించి, మోసముతో బంధించి, దక్షిణమునకు అమ్మివేసిరి. 1853 జనవరిలో విడుదల పొంది, ఆ సంవత్సరమే తన పన్నెండేండ్ల దాస్యమును గ్రంథముగా ప్రకటించెను. ఆయన చెప్పినది నమ్మదగునా యని సంశయించువారికి ఒక ఓడ జాబితా సమాధానము. 1807 శాసనము ప్రకారము, దేశములోపల ఒక రేవునుండి మరియొక రేవునకు బానిసలను కొనిపోవు ఓడ నాయకుడు వారి పేరు, వయస్సు, ఎత్తు, రంగు వ్రాసి ప్రమాణము చేసి సమర్పింపవలెను. 1841లో ఆర్లియన్స్ అను ఓడ సమర్పించిన జాబితాలో, నార్తప్‌కు అపహర్తలు తగిలించిన ప్లాట్ హామిల్టన్ అను పేరు నేటికిని చూడవచ్చును. అపహర్తల కాగితమే అపహృతుని మాటకు సాక్ష్యము పలికినది. విదేశ వ్యాపారమును నిషేధించిన ఆ 1807 శాసనమే దేశీయ వ్యాపారమునకు ఇంత చక్కని లెక్కలు రాబట్టిన విచిత్రమును తరగతిలో తప్పక చర్చింపవలెను; ఆ దేశీయ వ్యాపారమువలన అంతర్యుద్ధమునకు పూర్వము దాదాపు పది లక్షల మంది తమవారినుండి వేరై దక్షిణ పశ్చిమ ప్రాంతములకు తరలింపబడిరి.

గణితోపాధ్యాయుడు సైతము చేయి కలుపదగిన కాగితము ఒకటి గలదు. 1865 ఆగష్టులో ఒహాయో రాష్ట్రపు డేటన్ పట్టణమునుండి జోర్డన్ ఆండర్సన్ అను విముక్తుడు, టెన్నెసీలోని తన పూర్వయజమానికి ఒక జాబు వ్రాయించెను. తిరిగివచ్చి పనిచేయుమని యజమాని కోరియుండెను. జోర్డన్ మర్యాదగా సమాధానమిచ్చుచు, ముందు పాతబాకీ తీర్చుమనెను: తాను చేసిన ముప్పదిరెండేండ్ల పనికి నెలకు ఇరువదియైదు డాలర్లు, తన భార్య మాండీ చేసిన ఇరువదేండ్ల పనికి వారమునకు రెండు డాలర్లు, వెరసి 11,680 డాలర్లు; తమ బట్టలకును, వైద్యుని రాకపోకలకును, మాండీ పన్ను పీకించినందుకును అయిన వ్యయము తీసివేసి, మిగిలినదానికి వడ్డీ కలిపి పంపుమనెను. పిల్లలు పెన్సిలు తీసికొని లెక్క కట్టినచో అణా పైసలతో సరిపోవును. తన కుమార్తెలకు అచట మానభంగ భయముండదా, బిడ్డలకు బడి యున్నదా యని అతడు వేసిన ప్రశ్నలకు మాత్రము ఏ గుణకారమును జవాబు చెప్పదు. జోర్డన్ పలుకగా వేరొకరు వ్రాసిన జాబు గావున, ఇందులో ఎంత జోర్డనుది, ఎంత లేఖకునిది యని ప్రశ్నించు విద్యార్థిని ఉపాధ్యాయుడు మెచ్చుకొనవలెను. డేటన్ జనాభా లెక్కలలో జోర్డన్ కుటుంబము కనబడుచున్నదని చూపి, ఆ ప్రశ్నను ముందునకు సాగనీయవలెను.

ఇంత శ్రమ యేల యని యడుగువారికి చెప్పవలసినది యొకటి గలదు. సదరన్ పావర్టీ లా సెంటర్ అను సంస్థ 2018లో ప్రకటించిన నివేదికలో, ఉన్నత పాఠశాల చివరి తరగతి విద్యార్థులను అంతర్యుద్ధమునకు ముఖ్యకారణ మేదియని యడుగగా, బానిసత్వమని గుర్తించినవారు నూటికి ఎనమండుగురు మాత్రమే యని తెలిసెను. పన్నులనియు, రాష్ట్రముల హక్కులనియు ఎన్నియో తరములుగా పాఠ్యపుస్తకములు చెప్పుచు వచ్చిన మాటలు అట్లు వేరూనియున్నవి. దీనిపై వాదోపవాదములు చేయుటకంటె, 1861 జనవరిలో మిసిసిపీ రాష్ట్రము తాను సమాఖ్యనుండి ఏల విడిపోవుచున్నదో తెలుపుచు ప్రకటించిన పత్రమును పిల్లల చేతికిచ్చుట మేలు; తమ స్థితి బానిసత్వముతో పూర్తిగా పెనవేసికొనియున్నదని ఆ పత్రము ఆరంభముననే చెప్పును. అట్లు విడిపోయిన రాష్ట్రముల తిరుగుబాటు ప్రభుత్వపు ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీవెన్స్ ఆ మార్చిలో సవానా నగరమున చేసిన ప్రసంగమున, జాతుల యసమానతయే తమ నూతన ప్రభుత్వమునకు మూలశిల యని దాపరికము లేక ప్రకటించెను. యుద్ధము ముగిసిన పిమ్మట అదే స్టీవెన్స్ రాజ్యాంగ సిద్ధాంతములే యుద్ధకారణములని గ్రంథము వ్రాసెను. ముందు చెప్పినదానిని వెనుక చెప్పినదానితో పోల్చి చూచుటకు పదవ తరగతి తెలివి చాలును.

అయితే ఈ కాగితములు నిప్పువంటివి. వీనిలో నల్లజాతివారిని గూర్చి వాడిన తుచ్ఛపదములు, దెబ్బల వర్ణనలు, స్త్రీల యవమానములు గలవు. ఆ తరగతిలో ఆ బానిసల వంశీయులైన పిల్లలును కూర్చుండియుందురు. ఉత్సాహము కొలది తరగతిలో వేలముపాటను నటింపజేసి, పిల్లలను అమ్మువారుగాను అమ్ముడుపోవువారుగాను నిలిపిన ఉపాధ్యాయులు పెక్కుచోట్ల గాఢమైన గాయములు చేసిరి. అనుకరణమువలన ఆ వేదన తెలియదు. ఆ వేదన అనుకరింపదగినంత చిన్నది కాదు. కాగితము ఎదుట నుండుట చాలును. ఎంచుకొను కాగితములలో దెబ్బలు మాత్రమే యుండరాదు; బానిసల నేర్పును, కుటుంబములును, ప్రార్థనలును, ప్రతిఘటనమును ఉండవలెను. న్యూ ఆర్లియన్స్ నుండి వెలువడిన 'సౌత్‌వెస్టర్న్ క్రిస్టియన్ అడ్వొకేట్' పత్రికలో 1877 మొదలుకొని 'తప్పిపోయిన మిత్రులు' అను శీర్షిక నడచెను. చిన్ననాడు అమ్ముడుపోయిన తమ్ముని, ముప్పదియేండ్ల క్రిందట వేరైన తల్లిని వెదకుచు విముక్తులు పంపిన ప్రకటనలవి. వానిని చర్చిలలో బోధకులు చదివి వినిపించెడివారు. వాషింగ్టన్ ఇంటి ప్రకటన పక్కన వీనిని ఉంచవలెను. రెండును మనిషిని వెదకు ప్రకటనలే. వెదకువాని భావములో నున్న భేదమును మాత్రము పిల్లలే చెప్పుదురు.

ఇది మనకేల యని తెలుగు పాఠకుడు అడుగవచ్చును. టెక్సాస్‌లోను, వర్జీనియాలోను, న్యూ జెర్సీలోను స్థిరపడిన మన కుటుంబముల బిడ్డలు ఈ పాఠములనే ఇంటికి తెచ్చుకొని, తల్లిదండ్రులను అడుగుచున్నారు. సెలవులలో వాషింగ్టన్ నివాసమైన మౌంట్ వెర్నన్ భవనమును చూడబోయిన మనవారికి ఓనీ జన్మించినది ఆ యావరణముననే యని ఆ బిడ్డలే చెప్పవలసివచ్చుచున్నది. అంతకంటె దగ్గరి సంబంధము ఈ దేశముననే గలదు. జోతీరావు ఫులే 1873లో ప్రకటించిన 'గులామ్‌గిరి' గ్రంథమును నల్లజాతివారి విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చెను. అంటరానితనమును, బానిసత్వమును ఒక్కచోట నిలిపి చూచిన తొలి భారతీయ మేధావులలో ఆయన యొకడు. మన దేశమున ఐదవ నంబరు చట్టము 1843లో బానిస హక్కును న్యాయస్థానములు గుర్తింపరాదని నిర్దేశించెను. మనిషిని కొనుట, అమ్ముట నేరమని శిక్షాస్మృతి పలుకుటకు మరి పదునేడేండ్లు పట్టెను. బానిసత్వమును గూర్చిన 1841 నాటి న్యాయ కమిషను నివేదిక కొరకు జిల్లా న్యాయాధిపతులను, కలెక్టర్లను అడిగిరి. అందులో దొరల మాటలు మెండు, దాసుల మాటలు బహుస్వల్పము.

బ్రిటిషు వలసలలో బానిసత్వము పోయిన పిమ్మట దాని స్థానమున వచ్చిన కూలి ఒప్పందముల కాగితములలో మనవారి పేర్లే యున్నవి. 1860 అక్టోబరులో మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 342 మందితో నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు రేవు చేరెను. అది మొదలు 1911 వరకు 1,52,000కు పైగా భారతీయులు అట్లు అచటికి పోయిరి. ఆ ఓడల జాబితాలలో పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, ఒంటిమీది గుర్తులు వ్రాయబడియున్నవి. ఒప్పంద కూలీ బానిస కాడు. అతనికి గడువును, కూలియును, కాగితముమీది సంతకమును ఉండెను. అయినను ఆర్లియన్స్ ఓడ జాబితాను, ట్రూరో ఓడ జాబితాను పక్కపక్కన నుంచి, రెంటిలో ఏయే గడులు సమానము, ఏవి వేరు, తండ్రిపేరునకు ఒకదానిలో చోటుండగా రెండవదానిలో ఏల లేదు అని యడిగినచో, ఆ భేదమును సాదృశ్యమును ఉపన్యాసము లేకయే మన పదవ తరగతి విద్యార్థి తేల్చుకొనగలడు.

ఈ పనికి కావలసిన కాగితములు పెక్కులు గ్రంథాలయముల ద్వారా ఉచితముగా లభించుచున్నవి; లేనిది వాని తెలుగు అనువాదము. ఓనీ ప్రకటన, విపుల్ లేఖ, ఓనీ సంభాషణ, సూజన్ హామ్లిన్ రెండు వాఙ్మూలములు, జోర్డన్ జాబు, మిసిసిపీ ప్రకటన, ట్రూరో జాబితాలోని ఒక పుట: ఇవి యన్నియు కలిపి నలువది పుటల చిన్న పుస్తకమునకు మించవు. ప్రతి పత్రము క్రింద వ్యాఖ్యానము వ్రాయక, ఎవరు వ్రాసిరి, ఎప్పుడు, ఎవరికై అను మూడు సమాచారములు మాత్రమిచ్చి, తక్కిన పుటను విద్యార్థి వ్రాతకు ఖాళీగా విడువవలెను. సాంఘికశాస్త్రోపాధ్యాయులు ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వేసవిలో ముగింపదగిన పని ఇది.